సికిందరాబాదు పార్కు లేనులో ఒక దినము

2025వ సంవత్సరము ఆగస్టు మాసములో మేము కాజీపేటనుండి సికిందరాబాదునకు పోయి ఒక వింత బేరము చేసికొని వచ్చితిమి. మా ఊరి స్త్రీలు సికిందరాబాదునకు చీరలకో, నగలకో, వైద్యమునకో పోవుట సామాన్యము. మేము పోయినది కంప్యూటరునకు గ్రాఫిక్సు కార్డు కొనుటకు. పొరుగింటి పిన్నిగారు ఈ మాట విని, "పిల్లవాని ఆటకై అంత దూరము పోవలెనా?" అని నవ్విరి. మాకును మొదట అట్లే తోచినది. కాని పోయి వచ్చిన పిమ్మట, ఆనాడు చూచినదియు నేర్చినదియు సోదరీమణులకు గూడ కొంత ఉపయోగపడునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యింటి కంప్యూటరు 2020లో బడులు మూతపడి పిల్లలకు పాఠములు ఇంటనుండియే జరిగినప్పుడు కొన్నది. అందులో జిటిఎక్స్ 1650 అను 4 జి.బి. కార్డు ఉండెను. ఆ కార్డు బజారునకు వచ్చినది 2019లో. నాడు పాఠములకును, చిన్న ఆటలకును అది చాలియుండెను. నేడు ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్న మా అబ్బాయి, "అమ్మా, క్రొత్త ఆటలలో బొమ్మ తడబడుచున్నది, కొన్ని ఆటలు అసలు తెరచుకొనుటయే లేదు" అని చెప్పుచుండెను. అది సాకు కాదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్సు ఆటకును, 2025 మే నెలలో వచ్చిన క్రొత్త డూము ఆటకును, వెలుగు కిరణముల నడకను లెక్కగట్టు ప్రత్యేక భాగము కార్డులోనే ఉండవలెనట. మా పాత కార్డులో అది లేదు.

వాడు పండుగల కట్నములను, మా వీధి ఫొటో స్టూడియోవారికి పెండ్లి వీడియోలు కూర్చిపెట్టి సంపాదించిన దానిని చేర్చి పదునేడువేల అయిదువందల రూపాయలు కూడబెట్టెను. తక్కినది తండ్రినడిగెను. మా వారు, "చదువు చెడగొట్టు వస్తువునకు నేను పైసా ఈయను" అనిరి. అప్పటినుండి తండ్రీకొడుకులు ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయుచును మూడు నెలలు మాటలాడుకొనలేదు. ఇద్దరికిని వడ్డించునది మేమే కదా! ఆ మౌనము మాకు అన్నము సహింపనీయలేదు. చీటీ డబ్బు చేతికి రాగానే, "వాడెంత కూడబెట్టెనో అంత నేనిత్తును" అంటిమి. మా వారు కొంచెముసేపు ఊరకుండి, "సరే. నీవు వెంటబోయి రా. ఏది కొన్నారో, ఏల కొన్నారో తిరిగి వచ్చి నాకు నీవు చెప్పగలుగవలెను" అనిరి. ఈ షరతుతో, ముప్పదియైదువేల రూపాయలతో, మేము ప్రయాణమైతిమి.

బయలుదేరుటకు ముందు ఒక పని చేసితిమి. అలమరా కొనబోవువారు ముందుగా గోడను కొలుచుకొందురు కదా! అట్లే కంప్యూటరునకు కరెంటు తీసివేసి, క్యాబినెట్టు ప్రక్కరేకు విప్పి, కార్డు కూర్చుండు చోటును కుట్టుపని టేపుతో కొలిచితిమి. ఇరువదియెనిమిది సెంటీమీటర్లు వచ్చినది. లోపలి భాగములన్నిటికిని కరెంటు పంచిపెట్టు పెట్టెను ఎస్.ఎం.పి.ఎస్. అందురు. దాని చీటీమీద 450 వాట్లని ఉండెను గాని, తయారుచేసినవారి పేరు మాత్రము కనబడలేదు. మానిటరు 1920 అడ్డము, 1080 నిలువు. సెకనుకు 60 పర్యాయములు బొమ్మ మార్చునది. ప్రాసెసరు పదవ తరము ఐ5. ఇవన్నియు సరకుల పట్టీవలె నోటుపుస్తకములో వ్రాసికొంటిమి.

శనివారము ఉదయమున రైలెక్కితిమి. వానలు పడి పొలములు పచ్చగా నుండెను. జనగామ దాటినది, ఇత్తడి పనికి పేరుపొందిన పెంబర్తి దాటినది. దారిలో మా అబ్బాయిని, "ఈ కార్డు చేయు పని యేమో నాకు అర్థమగునట్లు చెప్పుము" అని అడిగితిమి. వాడు కాగితముమీద చుక్కలు పెట్టి చూపెను. తెరమీది బొమ్మ యావత్తును చుక్కల ముగ్గువంటిదే. మా తెరమీద అట్టి చుక్కలు 20,73,600. ఆట నడచుచున్నప్పుడు ఈ చుక్కలన్నిటికిని సెకనుకు 60 మారులు రంగు నిర్ణయింపవలెను. అనగా ఒక సెకనులో పండ్రెండుకోట్ల పైచిలుకు చుక్కలు! ప్రాసెసరు ఏ ముగ్గు వేయవలెనో చెప్పగల పెద్ద ముత్తైదువ వంటిది. ఎంత నేర్పరియైనను ఆమె యొక్కతె అన్ని చుక్కలకు రంగులద్దజాలదు. అందులకు వీథి వీథియంతయు కదలి రావలెను. గ్రాఫిక్సు కార్డు అట్టి మూక. మా పాత కార్డులో 896 చిన్న గణకములు కలవు. నేటి మధ్యతరగతి కార్డులలో మూడువేలకు మించియుండును. తరము మారినపుడు గణకముల తీరును మారును గనుక సంఖ్యను మాత్రమే చూచి పోల్చరాదనియు వాడు చెప్పెను. కార్డుమీదనుండు మెమొరీ రంగుల పళ్ళెము వంటిది. పళ్ళెము చిన్నదైనచో మాటిమాటికి ఇంటిలోనికి పరుగెత్తి రంగులు తెచ్చుకొనవలెను, ముగ్గు ఆగిపోవును. బొమ్మ తడబడుట యనగా ఇదియే. ఇంతలో భువనగిరి ఏకశిలా దుర్గము కిటికీలో కనబడినది. పాఠము ముగిసినది.

సికిందరాబాదునకు ఆ పేరు మూడవ నిజామైన సికందర్ జా వలన 1806లో వచ్చినది. ఆంగ్లేయుల దండు విడిదిగా పెరిగిన ఊరగుటచే నేటికిని వీథులు వెడల్పుగా నుండును. రైలు దిగి మెట్రో యెక్కి, సికిందరాబాదు తూర్పు స్టేషనునుండి పెరేడ్ గ్రౌండు మీదుగా ప్యారడైజు చేరితిమి. రెండు స్టేషనుల దూరమే. అక్కడినుండి పార్కు లేనునకు ఆటోలో పోయితిమి. ఆ వీథిలోనిదే చినాయ్ ట్రేడ్ సెంటరు. జనులు దీనిని సి.టి.సి. యని పిలుతురు. తెలుగు జిల్లాలలో కంప్యూటరు సామాను కావలసినవారికి ఈ పేరు తెలియకుండుట అరుదు.

లోపల ఇరుకైన నడవలు. ఇరుప్రక్కల మన వంటయింటికంటె చిన్న దుకాణములు. ఒకచోట ల్యాప్‌టాపులు విప్పి చిమటాలతో బాగుచేయుచున్నారు. ఒకచోట ప్రింటర్లకు సిరా నింపుచున్నారు. వేరొకచోట తీగెలు తోరణములవలె వ్రేలాడుచున్నవి. తెలుగును, దక్కనీ హిందీయును కలిసి మ్రోగుచుండును. కొనవచ్చినవారిలో కుర్రవాండ్రే యెక్కువ. స్త్రీలము నలుగురైదుగురము కూడ లేము. కొంచెము బెరుకు కలిగినది గాని, చేతిలోని నోటుపుస్తకము ధైర్యమిచ్చినది.

మొదటి దుకాణములో కుర్రవాడు మమ్మేమియు అడుగక పూర్వమే ఒక పెద్ద కార్డును తెచ్చి బల్లమీద పెట్టెను. మూడు ఫ్యానులు, అంచున రంగురంగుల దీపములు, లోపల 16 జి.బి. మెమొరీ, పేరు ఆర్‌టిఎక్స్ 5060 టిఐ. మా అబ్బాయి దానిని చూచిన చూపు మేమెన్నడును మరువజాలము. చిన్ననాడు జాతరలో రంగులరాట్నమును చూచిన చూపే అది. "ఇది తీసుకోండమ్మా, అయిదేండ్లు మళ్ళీ చూడనక్కరలేదు" అని కుర్రవాడనెను. ధర మా సొమ్మును మించినది. "కంతులున్నవి" అనెను. టేపు పెట్టి చూడగా పొడవు ముప్పది సెంటీమీటర్లకు పైగా వచ్చినది. "క్యాబినెట్టు మార్చుకోవచ్చు" అనెను. "మా ఎస్.ఎం.పి.ఎస్. చాలునా?" అంటిమి. "అదీ మార్చుకోవచ్చు. మానిటరు కూడా మంచిది తీసుకుంటే దీని సత్తా కనబడుతుంది" అనెను. గోచిని ఎలుకలనుండి కాపాడుటకు పిల్లిని, పిల్లి పాలకై ఆవును, ఆవును మేపుటకై మనిషిని తెచ్చుకొని సంసారమున పడిన సన్న్యాసి కథ మాకు జ్ఞప్తికి వచ్చినది. నమస్కరించి బయటికి వచ్చితిమి. మా అబ్బాయి ఒకసారి వెనుకకు తిరిగి చూచెను.

రెండవ దుకాణములో వాడిన కార్డులు కుప్పగా నుండెను. సగము వెలకే పెద్ద పేరుగల కార్డు! ఇట్టివి బజారునకు ఇన్ని యెట్లు వచ్చినవో మా అబ్బాయి చెప్పెను. ఈథరియము అను డిజిటలు నాణెమును పుట్టించుటకు లోకమంతట లక్షలకొలది కార్డులను రాత్రింబవళ్ళు నడిపిరట. 2022 సెప్టెంబరులో ఆ నాణెపు పద్ధతి మారి, కార్డులతో పనిలేకుండపోయినది. అప్పుడవన్నియు అంగళ్ళకు చేరినవి. వాడిన కార్డులన్నియు చెడ్డవని మేము చెప్పము. బిల్లును, మిగిలిన వారంటీయు నుండి, మన యెదుట అరగంట నడిపి చూపినచో మంచి బేరమే కావచ్చును. మేము నడిపి చూపుమనగా ఆ వర్తకుడు, "ఇక్కడ ఏర్పాటు లేదు" అనెను. బిల్లును లేదు.

అక్కడనే ఒక ముఖ్యవిషయము తెలిసినది. మదర్‌బోర్డుమీద కార్డును గ్రుచ్చు గాడి 75 వాట్ల వరకే ఈయగలదు. మా పాత కార్డునకు అది చాలును గనుక దానికి వేరు తీగె లేదు. క్రొత్త కార్డులకు ఎస్.ఎం.పి.ఎస్. నుండి ఎనిమిది సూదుల తీగె నేరుగా రావలెను. దాని ద్వారా 150 వాట్ల వరకు పోవచ్చును. మా పెట్టెకు ఆ తీగెయే లేదు. ఆ వర్తకుడు జోడింపు తీగె యొకటి చూపి, "రెండువందలకు పని అయిపోతుంది. పెట్టె మార్చడం ఎందుకు?" అనెను. సన్నని తీగెలమీద మోయరాని భారము మోపినచో అవి వేడెక్కి, కరగి, మంటలు రేగిన దాఖలాలు కలవు. రాత్రి తలుపు వేసికొని పిల్లవాడు ఆడుకొను గదిలో ఆ తీగె ఉండుటను తలచుకొనగనే మా గుండె ఝల్లుమన్నది. వేలు ఆదా చేయబోయి ఇల్లు పోగొట్టుకొనుట ఏమి తెలివి? ఆ దుకాణమును గూడ విడిచితిమి.

మూడవ దుకాణములో ఒక పెద్దాయన కంటికి భూతద్దము పెట్టుకొని ఏదో బాగుచేయుచుండిరి. మా అబ్బాయి కార్డు కావలెనని చెప్పగానే ఆయన ఏదియు చూపలేదు. "ఏ ఆటలు ఆడుతావు బాబూ? తెర ఎంతది? లోపల ఎస్.ఎం.పి.ఎస్. ఏది?" అని మూడు ప్రశ్నలు వేసిరి. మేము నోటుపుస్తకము ముందుంచితిమి. ఆయన చదివి సంతోషించి, "ఇట్లు వ్రాసుకొని వచ్చేవారు నూటికి ఒకరుండరమ్మా" అనిరి. పిమ్మట మూడు పెట్టెలు బల్లమీద పెట్టిరి.

ఒకటి ఇంటెలువారి ఆర్క్ బి580. 2024 డిసెంబరులో వచ్చినది, 12 జి.బి. మెమొరీ, 190 వాట్లు. వెలకు మంచి సరకే గాని, పాత ప్రాసెసరులతో దాని పూర్తి వేగము రాదని ఆయన చెప్పిరి. రెండవది ఆర్‌టిఎక్స్ 5060. 2025 మే నెలలో వచ్చినది, 8 జి.బి., 145 వాట్లు. మూడవది ఆర్‌టిఎక్స్ 4060. 2023లో వచ్చినది, 8 జి.బి., 115 వాట్లు, 3072 గణకములు. తరువాతి రెండును ఎన్‌విడియావారివి. ఈ సంస్థ 1993లో కాలిఫోర్నియాలో పుట్టినది. దీని ప్రధాన పోటీదారైన ఏఎమ్‌డి 2006లో ఏటీఐ అను సంస్థను కొని కార్డుల వ్యాపారములో ప్రవేశించినది. ఈ ఇరువురికిని హైదరాబాదులో ఇంజనీరింగు కేంద్రములు కలవు. మన పిల్లలెందరో అందు పనిచేయుచున్నారు. ఆటవస్తువని మనము నవ్వు దాని వెనుక ఇంత విద్య ఉన్నది!

"5060 క్రొత్తది, వేగము ఎక్కువ; అబద్ధమెందుకు చెప్పాలి? కాని మీ తెర సెకనుకు 60 చిత్రములే చూపుతుంది. కార్డు వంద తయారుచేసినా మీకు కనబడేవి అరవయ్యే. దాని ధరకు మంచి ఎస్.ఎం.పి.ఎస్. కూడా కలిస్తే మీ సొమ్ము దాటుతుంది. 4060 తీసుకొని, పేరున్నవారి 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. వేసుకోండి" అని ఆయన చెప్పిరి. లోపమును గూడ దాచలేదు. "8 జి.బి. కొన్నాళ్ళకు పెద్ద ఆటలకు చాలకపోవచ్చు. మీ మదర్‌బోర్డు గాడి మూడవ తరముది గనుక, మెమొరీ నిండితే దారి ఇరుకవుతుంది. అప్పుడు బొమ్మల మెరుగు ఒక మెట్టు తగ్గించుకోవాలి. ఆడుకోవడం ఆగదు" అనిరి.

మేము వెంటనే తలయూపలేదు. బయటికి వచ్చి ఇరానీ చాయయు, ఉస్మానియా బిస్కత్తులును తెప్పించుకొంటిమి. మా అబ్బాయి మాటలాడలేదు. వాని మనస్సు మొదటి దుకాణములోని దీపముల కార్డుమీదనే యున్నదని మాకు తెలియును. "సగము సొమ్ము నీ కష్టార్జితము. నిర్ణయము నీదే. కంతులకు నాన్నగారిని అడుగవలసివచ్చిన నేనే అడుగుదును" అంటిమి. వాడు నోటుపుస్తకము తీసికొని చాలసేపు లెక్కలు వేసెను. ఒకవైపు పెద్ద కార్డు. దాని క్రింద క్యాబినెట్టు, ఎస్.ఎం.పి.ఎస్., మానిటరు, కంతులు. ఇంకొకవైపు 4060, దాని క్రింద ఎస్.ఎం.పి.ఎస్. ఒక్కటే. పిమ్మట పెద్ద కార్డు పేరుమీద గీత కొట్టి, "అమ్మా, అది మన యింటిది కాదు. దానికి వేరే యిల్లు కట్టవలెను. 4060 చాలును" అనెను. వాని గొంతులో కొంచెము బాధయుండెను. మేమేమియు అనక, మరియొక చాయ చెప్పితిమి.

తిరిగి పోయి రెండు ఫ్యానుల 4060 కార్డు నొకదానిని టేపుతో కొలిచితిమి. ఇరువదియైదు సెంటీమీటర్లకు లోబడినది. పెద్దాయన దానిని తమ యంత్రములో పెట్టి ఆట నడిపి చూపిరి. పెట్టెమీది సంఖ్యయు, కార్డుమీది సంఖ్యయు, బిల్లుమీది సంఖ్యయు ఒక్కటియేయని సరిచూచుకొంటిమి. నూటికి పదునెనిమిది జి.ఎస్.టి.తో బిల్లును, మూడేండ్ల వారంటీ కాగితమును పుచ్చుకొంటిమి. ధరలు వారము వారమునకు మారుచుండును గనుక విడివిడిగా వ్రాయము. రెండు వస్తువులును కలిసి మా సొమ్ములో రెండువేల నాలుగువందలు మిగిలినవి. ఆ మిగులును మా అబ్బాయి మా చేతికే తిరిగి యిచ్చెను.

ఇంటికి చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది. భోజనములైన పిమ్మట మా వారికి షరతు ప్రకారము చెప్పితిమి. ముగ్గు చుక్కలు చెప్పితిమి, అరవై చిత్రములు చెప్పితిమి, జోడింపు తీగె సంగతి చెప్పితిమి. ఆయన అడ్డుపలుకక వినిరి. తీగె మాట వచ్చినపుడు మాత్రము తలయెత్తి చూచిరి.

మరునాడు ఉదయమున మా అబ్బాయి కంప్యూటరును నేలమీద పరుండబెట్టి, కరెంటు తీసి, ముందుగా క్యాబినెట్టు లోహమును ముట్టుకొనెను. ఒంటిలోని విద్యుత్తు సున్నితమైన భాగములకు తగులకుండ అట్లు చేయవలెనట. పాత పెట్టె తీసి క్రొత్తది బిగించెను. కార్డును గాడిలో నొక్కగా టక్కుమని శబ్దమైనది. మరలు బిగించుచోట చీకటిగా నుండుటచే వాడు తడుముకొనుచుండెను. మా వారు ద్వారమునొద్ద నిలిచి చూచుచుండిరి. కొంతసేపటికి, "ఆ పెద్దది ఏల కొనలేదురా?" అని అడిగిరి. మూడు నెలలకు అది మొదటి మాట.

"మన తెరకు అక్కరలేదు నాన్నా. డబ్బు ఎస్.ఎం.పి.ఎస్.కు పెట్టితిని" అని వాడు తలయెత్తకయే బదులు చెప్పెను.

మా వారు లోపలికి పోయి టార్చిలైటు తెచ్చి, వాడు మరలు బిగించునంతసేపును వెలుగు పట్టుకొని నిలిచిరి.